టైప్ వన్‌లో షుగర్ దిగిరానప్పుడు ఏ వరుసలో వెతకాలి: సమగ్ర మార్గదర్శి

టైప్ వన్ డయాబెటిస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని షుగర్ జబ్బు, ఉన్న ఇంట్లో మీటర్ 300 చూపించిందంటే ముందుగా వినిపించే మాట "ఏం తిన్నావు?" అనే. పెద్దమ్మ అడుగుతుంది, పక్కింటావిడ అడుగుతుంది, ఒక్కోసారి డ్యూటీ డాక్టరూ అదే అడుగుతాడు. తిండి ఒక కారణమే, కాదనను. కానీ చాలా ఇళ్ళలో అసలు దొంగ ఇంకోచోట ఉంటాడు. ఎండకు పాడైపోయిన ఇన్సులిన్, ఏళ్ళ తరబడి ఒకేచోట పొడిచి గట్టిపడిన పొట్ట, కంచం ముందు కూర్చున్నాక గుర్తొచ్చే సూది. వీటిని వదిలేసి అన్నం తగ్గించుకుంటూ పోతే మనిషి చిక్కిపోతాడు గానీ షుగర్ ఉన్నచోటే ఉంటుంది.

అందుకే తిండి లెక్క ఈ వరుసలో కాస్త వెనక వస్తుంది. డోసుల్లో మార్పు ఏదైనా మీ డాక్టర్‌తో మాట్లాడే చేయండి. ఏ ప్రశ్నతో వెళ్ళాలో తెలిసి వెళ్ళడానికే ఇదంతా.

అన్నిటికన్నా ముందు: కీటోన్లు

షుగర్ 250 దాటి కొన్ని గంటలైనా దిగకపోతే, లేదా ఎక్కువ షుగర్‌తో పాటు వాంతి, కడుపునొప్పి, జ్వరం ఉంటే మిగతా వెతుకులాట ఆపి కీటోన్లు చూడండి. ఒంట్లో ఇన్సులిన్ చాలనప్పుడు శరీరం కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు పుట్టే ఆమ్లాలే ఇవి. మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్పులు మందుల షాపుల్లో దొరుకుతాయి. ఒక డబ్బా ఇంట్లో ఉండి తీరాలి. రక్తంలో చూసే మీటర్ ఉంటే 0.6 లోపు మామూలు, 1.5 దాటితే ప్రమాదం దగ్గరపడినట్టు, 3 దాటితే అత్యవసరం.

ఎడతెగని వాంతులు, లోతుగా వేగంగా ఊపిరి తీయడం, నోటినుంచి పండిన పండు లాంటి వాసన, మత్తుగా ఉండటం... వీటిలో ఏది కనిపించినా ఇంట్లో లెక్కలు కట్టకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. వెళ్ళగానే "టైప్ వన్, ఇన్సులిన్ మీద ఉన్నారు, కీటోన్లు వచ్చాయి" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. కడుపునొప్పి అని మాత్రమే చెబితే గ్యాస్ ఇంజెక్షన్‌తో గంట గడిచిపోవచ్చు.

మొదటి మెట్టు: ఆ అంకె నిజమేనా

మామిడికాయల కాలంలో ఇది ప్రతి ఇంట్లో జరిగే వింత. పండు కోసి పిల్లలకు ముక్కలు పెట్టిన చేత్తోనే వేలు పొడుచుకుంటే, వేలిమీద మిగిలిన పండు చక్కెర రక్తపు బొట్టులో కలిసి షుగర్‌ను అమాంతం ఎక్కువ చేసి చూపిస్తుంది. శానిటైజర్ రాసుకుంటే ఆ తీపి పోదు. నీళ్ళతో కడిగి, పూర్తిగా తుడుచుకుని అప్పుడు పొడవాలి. నమ్మలేని అంకె వస్తే చెయ్యి కడిగి మరో వేలితో చూడండి. ఆ తర్వాతే ఇన్సులిన్ సంగతి.

స్ట్రిప్పుల గడువు తేదీ చూడండి. డబ్బా మూత తీసి వదిలేస్తే గాలిలో తేమకు అవి పాడవుతాయి. కోస్తా ఉక్కపోతలో మరీ త్వరగా.

రెండో మెట్టు: సీసాలో ఉన్నది ఇంకా పనిచేస్తోందా

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అంటే ఫ్రిజ్‌లో కింది అరల్లో. ఫ్రీజర్‌లో గానీ, ఐస్ అంటుకునే వెనక గోడకు ఆనించి గానీ పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. వాడుతున్న సీసా లేదా పెన్ను 30 డిగ్రీల లోపు ఉండేచోట పెట్టుకోవచ్చు. చాలా రకాలకు నాలుగు వారాలు గడువు. తెరిచిన తేదీని సీసామీద పెన్నుతో రాసుకోండి.

చిక్కంతా ఆ 30 డిగ్రీల దగ్గరే. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 45 ఉంటే రేకుల ఇంట్లో 30 ఎక్కడుంటుంది? కరెంటు కోతలున్న ఊళ్ళలో మట్టికుండ పద్ధతి బాగా పనిచేస్తుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో ఉంచి, తడిగుడ్డ కప్పాలి. ఇసుక ఆరకుండా రోజూ నీళ్ళు చల్లాలి. లోపల బయటికన్నా చల్లగా ఉంటుంది. పొడి గాలి ఉన్నచోట ఇంకా బాగా చల్లబడుతుంది. ప్రయాణాల్లో బైకు డిక్కీలో, ఎండలో నిలబెట్టిన కారులో ఇన్సులిన్ వదిలి దిగకండి.

నీళ్ళలా తేటగా ఉండాల్సిన రకంలో మబ్బు కనిపించినా, తెల్లగా ఉండాల్సిన రకం కలిపాక గోడలకు పలుకుల్లా అంటుకున్నా పారేయండి. పైకి బాగానే ఉన్నా, రెండు మూడు రోజులుగా ఏ డోసుకూ షుగర్ దిగడం లేదంటే కొత్త సీసా తెరిచి చూడటమే చవకైన పరీక్ష.

ఇక మన దేశంలో తరచుగా ఎదురయ్యే ఒక గందరగోళం ఉంది. ఇక్కడ మామూలు ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్ను కాట్రిడ్జుల్లో 100 యూనిట్లు ఉంటాయి. సిరంజిలూ రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో "10" గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 4 యూనిట్లే. షుగర్ ఎందుకు దిగుతుంది? తిరగేసి, 100 మందును ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు ఎక్కిపోతుంది, అది ప్రాణాంతకం. షాపులో సిరంజిలు మార్చి ఇచ్చినా, అమెరికా నుంచి వచ్చిన చుట్టాలు సీసాలు తెచ్చి ఇచ్చినా, సీసామీద అంకె, సిరంజి మీద అంకె రెండూ ఒకటేనా అని చదివి చూడండి.

మూడో మెట్టు: సూది ఎక్కడ దిగుతోంది

చొక్కా ఎత్తి, వెలుతురులో నిలబడి, పొట్టమీద వేళ్ళ కొసలతో మెల్లగా తడుముకోండి. బొడ్డుకు అటూ ఇటూ మెత్తగా ఉబ్బిన గడ్డలో, రబ్బరులా గట్టిపడ్డ చోట్లో తగులుతున్నాయా? ఒకేచోట మళ్ళీ మళ్ళీ పొడవడం వల్ల కొవ్వు అలా పేరుకుంటుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి చెయ్యి దానంతటదే అక్కడికే పోతుంది, పిల్లలైతే మరీను. ఆ గడ్డలోకి ఎక్కించిన ఇన్సులిన్ ఒకరోజు సగమే పీల్చుకుంటుంది, ఇంకోరోజు ఆలస్యంగా ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. మధ్యాహ్నం 320, సాయంత్రం 60 అని రోజూ ఉయ్యాల ఊగేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే. డాక్టర్లు కూడా పొట్ట తడిమి చూడటం అరుదు కాబట్టి మీరే చూపించి అడగండి.

గడ్డలున్నచోట కొన్ని నెలలపాటు పొడవకండి. పొట్టను నాలుగు భాగాలుగా అనుకుని వారానికొక భాగం వాడండి. ఒక సూదికీ మరో సూదికీ కనీసం వేలెడు వెడల్పు దూరం ఉంచండి. తొడలు, పిరుదులు, జబ్బల వెనక భాగం కూడా వాడుకోవచ్చు. ఒక హెచ్చరిక: గడ్డ వదిలి మంచి చర్మంలోకి మారిన రోజు అదే డోసు ఎక్కువగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు. ఆ వారం డోసు తగ్గించుకోవాలా అని ముందే అడిగి, తరచుగా చూసుకోండి.

పెన్ను వాడేవాళ్ళు ప్రతిసారీ ముందు 2 యూనిట్లు గాలిలోకి వదిలి, సూది కొసన చుక్క వచ్చిందో లేదో చూడాలి. బటన్ నొక్కాక పదిదాకా నెమ్మదిగా లెక్కపెట్టి అప్పుడు సూది తీయాలి. వెంటనే లాగేస్తే చర్మంమీద కనిపించే ఆ తడి మీ డోసులో భాగమే. సూది పొడవు 4 మిల్లీమీటర్లు పెద్దలకూ పిల్లలకూ సరిపోతుంది. ఇన్సులిన్ పంపు ఉన్నవాళ్ళు కారణం తెలియని 300 చూస్తే గొట్టం మడతపడిందేమో చూసి సెట్ మార్చాలి. కీటోన్లు ఉంటే దిద్దుబాటు డోసు సిరంజితోనో పెన్నుతోనో తీసుకోవాలి.

నాలుగో మెట్టు: మూడు రోజుల చిట్టా

ఇక్కడిదాకా అన్నీ సరిగ్గా ఉంటే ఇప్పుడు డోసుల వైపు చూడాలి. దానికి చిట్టా కావాలి. మూడు రోజులు మామూలుగా తింటూ, ప్రతి భోజనానికి ముందు, తిన్న రెండు గంటలకు, పడుకునే ముందు, రాత్రి 3 గంటలకు ఒకసారి చూసి రాయండి. పక్కనే ఎన్ని యూనిట్లు, ఎన్ని గంటలకు, ఏం తిన్నారో కూడా రాయాలి. ఒంటికి అతికించుకునే సీజీఎం సెన్సర్ ఉంటే ఈ పొడుపులు చాలా తప్పుతాయి. నెలంతా కొనే స్తోమత లేకపోయినా, అంతా అయోమయంగా ఉన్నప్పుడు రెండు వారాల సెన్సర్ ఒక్కటి పెట్టుకోవడం డబ్బుకు తగిన పనే.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ పనికి చాలదు. అది 8 ఉందంటే సగటు షుగర్ 183 దగ్గర ఉందని చెబుతుంది, ఎప్పుడు పెరుగుతోందో చెప్పదు. సాధారణంగా పెట్టుకునే గురి తినకముందు 80–130, తిన్నాక 180 లోపు. సెన్సర్ ఉంటే రోజులో 70 శాతం సమయం 70–180 మధ్య ఉండాలి. చిన్నపిల్లలకూ పెద్దవయసు వాళ్ళకూ గురి వేరుగా ఉండొచ్చు.

ఐదో మెట్టు: రాత్రి ఇన్సులిన్

లాంటస్, బసలాగ్, ట్రెసిబా లాంటి రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ది ఒకటే పని: తిండి లేనప్పుడు షుగర్‌ను ఉన్నచోట నిలబెట్టడం. కాబట్టి దాన్ని తిండి లేని వేళలోనే పరీక్షించాలి. రాత్రి భోజనం పెందలాడే ముగించి, భోజనపు ఇన్సులిన్ పని అయిపోయాక, అంటే కనీసం నాలుగు గంటల తర్వాత, ఏమీ తినకుండా పడుకోండి. పడుకునేముందు, 3 గంటలకు, లేవగానే చూడండి.

పడుకున్నప్పుడు 240, లేచేసరికి 235 ఉందనుకోండి. పొద్దున అంకె చూసి చాలామంది రాత్రి డోసు పెంచేస్తారు. నిజానికి ఆ డోసు తన పని తాను చేసింది, రాత్రంతా షుగర్‌ను కదలనివ్వలేదు. తక్కువైంది రాత్రి భోజనపు డోసు. అలాకాక 130తో పడుకుని 220తో లేస్తే అప్పుడు రాత్రి డోసు చాలడం లేదేమోనని అనుమానించాలి. 3 గంటల దాకా నిలకడగా ఉండి తెల్లవారుజామునే పెరిగితే అది ఆ వేళ ఊరే హార్మోన్ల వల్ల కాలేయం చక్కెర వదలడం. ఎదిగే పిల్లల్లో ఇది బాగా కనిపిస్తుంది. దీనికి డోసు వేళ మార్చాలా, రకం మార్చాలా అన్నది డాక్టర్ చెప్పాలి. 3 గంటలకు 70 కన్నా తక్కువ ఉంటే మాత్రం పెంచే మాటే లేదు, తగ్గించాలి.

రోజుకు రెండుసార్లు 30/70 మిక్స్ ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకు ఈ విడదీసి చూడటం కుదరదు, భోజనపు ఇన్సులిన్, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ రెండూ ఒకే సీసాలో కలిసి ఉంటాయి కనుక. ఎంత ప్రయత్నించినా షుగర్ దారికి రాకపోతే, వీలున్నవాళ్ళు విడివిడి ఇన్సులిన్లకు మారడం గురించి అడగండి. ఖర్చే అడ్డమైతే భోజనానికి వేసుకునే రెగ్యులర్, ఎక్కువసేపు పనిచేసే ఎన్‌పీహెచ్ విడివిడిగా తీసుకునే చవకైన పద్ధతీ ఉంది.

ఆరో మెట్టు: సూదికీ ముద్దకీ మధ్య వ్యవధి

పైసా ఖర్చు లేకుండా తిన్న తర్వాతి షుగర్‌ను దించేది ఇదే. రెగ్యులర్ ఇన్సులిన్ తినడానికి 30 నిమిషాల ముందు తీసుకోవాలి. నోవోరాపిడ్, హ్యూమలాగ్, ఎపిడ్రా లాంటి వేగంగా పనిచేసే రకాలు 10–15 నిమిషాల ముందు. మన ఇళ్ళలో జరిగేదేమిటంటే కంచంలో వడ్డించాక "అయ్యో, సూది" అని లేవడం. అన్నం అరగంటలో షుగర్‌గా మారుతుంది, ఇన్సులిన్ ఇంకా బయలుదేరుతూ ఉంటుంది. తిన్న రెండు గంటలకు 280 ఉండి, నాలుగైదు గంటలకు తనంతట తానే 110కి వచ్చేస్తుంటే డోసు సరిపోతున్నట్టే, వేళే తప్పింది. దానికి డోసు పెంచితే సాయంత్రానికి పడిపోతారు.

కుక్కర్ మూడో విజిల్‌కి సూది అని పెట్టుకున్న ఇల్లు నాకు తెలుసు. అలా ఏదో ఒక గుర్తు పెట్టుకోండి. పెళ్ళిళ్ళలో, బంతి ఎప్పుడు లేస్తుందో తెలియనిచోట మాత్రం ముందే పొడుచుకోకండి. విస్తరి ముందు కూర్చున్నాకే తీసుకోండి. తినకముందు షుగర్ 70 దగ్గరగా ఉన్నప్పుడూ అంతే. అన్నం తినడానికి మొరాయించే చిన్నపిల్లల సంగతి కూడా డాక్టర్‌తో విడిగా మాట్లాడుకోవాలి.

పొద్దున్నే తాగే కాఫీ ఎవరి లెక్కలోకీ రాదు. పాలు, రెండు చెంచాల చక్కెర కలిసి దాదాపు 15 గ్రాముల పిండిపదార్థం, అదీ షుగర్ సహజంగానే పెరిగే వేళలో, సూది లేకుండా.

ఏడో మెట్టు: కంచంలో పిండిపదార్థం

ఇక తిండి. టైప్ వన్‌లో "ఇది తినకూడదు" అనే పట్టిక కన్నా "ఇందులో ఎంత ఉంది" అనే లెక్క ముఖ్యం. వంటగది త్రాసు ఒకటి కొనండి.

అన్నంతో మొదలుపెడదాం. పచ్చి బియ్యం 100 గ్రాముల్లో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. 200 గ్రాముల బియ్యం పోస్తే గిన్నె మొత్తంలో 156. ఉడికాక అన్నాన్ని తూయండి. 560 గ్రాములు తూగిందనుకుంటే మీ ఇంటి అన్నం 100 గ్రాములకు దాదాపు 28. మీరు నీళ్ళు ఎంత పోస్తారో, అన్నం పొడిగానో మెత్తగానో వండుతారో దాన్నిబట్టి ఇది మారుతుంది. అందుకే ఒకసారి మీ గిన్నెతో మీరే చూసుకోవాలి. తర్వాత మీ ఇంట్లో వడ్డించే హస్తంతో ఒక హస్తం అన్నం ఎంత తూగుతుందో చూసుకుంటే త్రాసుతో రోజూ పని ఉండదు.

మధ్యరకం ఇడ్లీ ఒకటి 10–12 గ్రాములు. గ్లాసు పాలు, అంటే 200 మిల్లీలీటర్లు, 10 గ్రాములు. మధ్యరకం అరటిపండు 25 దాకా. పప్పులోనూ కొంత ఉంటుంది. ఆకుకూరలు, బెండ, వంకాయ, దొండ లెక్కలోకి రానంత తక్కువ.

అన్నం మానేసి జొన్నరొట్టె, రాగి సంగటి మొదలుపెట్టినా షుగర్ దిగలేదని చాలామంది వాపోతారు. జొన్నపిండి, రాగిపిండి 100 గ్రాములకు సుమారు 70 గ్రాముల పిండిపదార్థమే, బియ్యానికి పెద్ద దూరం లేదు. పైగా సీమ సంగటిలో బియ్యం కూడా పడుతుంది. పీచు ఎక్కువ కాబట్టి రాగి, జొన్న మంచివే, డోసు మాత్రం తప్పదు. బెల్లం, తేనె చక్కెర కిందే లెక్క.

బిర్యానీది వేరే కథ. నూనె, మాంసం అరుగుదలను నెమ్మది చేస్తాయి. తిన్న రెండు గంటలకు 150 చూసి సంతోషపడి పడుకుంటే అర్ధరాత్రికి 300 అవుతుంది. ఇలాంటి భోజనానికి డోసును రెండుగా విడగొట్టుకోవడం గురించి డాక్టర్‌ను అడగండి.

ఎనిమిదో మెట్టు: దించడానికి వేసుకునే డోసు

లెక్క మొదలుపెట్టడానికి ఒక సూత్రం ఉంది. రోజంతా వేసుకునే యూనిట్లన్నీ కూడండి, రాత్రిదీ కలిపి. 1800ను ఆ మొత్తంతో భాగిస్తే ఒక యూనిట్ ఎంత షుగర్ దించుతుందో వస్తుంది. రెగ్యులర్ ఇన్సులిన్ అయితే 1500 తీసుకోవాలి. 500ను భాగిస్తే ఒక యూనిట్ ఎన్ని గ్రాముల పిండిపదార్థాన్ని సర్దుతుందో తెలుస్తుంది. రోజుకు 36 యూనిట్లు వేసుకునేవారికి ఒక యూనిట్ 50 దించుతుంది, 14 గ్రాములను సర్దుతుంది. షుగర్ 290 ఉంది, 120కి రావాలి. తేడా 170, అంటే మూడు యూనిట్ల పైచిలుకు. 3 వేసుకుని చూస్తారు. ఇది అంచనా మాత్రమే. మీ అసలు అంకెలు చిట్టా చూసి డాక్టర్ తేల్చాలి.

కష్టమైన పని ఆ తర్వాత ఆగడం. గంటకు చూస్తే 270. కోపమొస్తుంది, ఇంకో 3 వేస్తారు. ఇంకో గంటకు 230, మళ్ళీ 2. మొదటి డోసు పని ఇంకా పూర్తికాలేదు. అన్నీ కలిసి తెల్లవారుజామున 45కి లాగేస్తాయి. అప్పుడు కంగారులో దొరికిందల్లా తింటారు, పొద్దున మళ్ళీ 310. నోవోరాపిడ్ రకాలు దాదాపు నాలుగు గంటలు, రెగ్యులర్ ఆరు గంటలకు పైగా ఒంట్లో పనిచేస్తుంటాయి. కీటోన్లు లేకపోతే ఆ గడువులో మరో దిద్దుబాటు డోసు వద్దు, నీళ్ళు తాగుతూ ఆగండి.

షుగర్ ఎక్కువుందని పరుగు పెట్టేముందు కూడా కీటోన్లు చూసుకోవాలి. అవి ఉన్నప్పుడు వ్యాయామం షుగర్‌ను ఇంకా పెంచుతుంది. లేకపోతే పావుగంట నడక బాగా పనికొస్తుంది.

జ్వరం, నెలసరి, వేరే మందులు

ఒంట్లో బాగోలేనప్పుడు ఏమీ తినడం లేదని ఇన్సులిన్ మానేయడం ఈ జబ్బులో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. జ్వరంలో తిండి లేకపోయినా షుగర్ పెరుగుతుంది. రాత్రి డోసు ఎట్టి పరిస్థితుల్లో ఆపకూడదు. రెండు మూడు గంటలకోసారి షుగర్, కీటోన్లు చూస్తూ నీళ్ళు, పల్చటి మజ్జిగ, ఓఆర్ఎస్ తాగించాలి. ఆయాసానికో అలర్జీకో స్టెరాయిడ్ రాస్తే ఆ రోజే షుగర్ డాక్టర్‌కు చెప్పండి. నెలసరికి ముందు కొన్ని రోజులు షుగర్ మొండికేయడం చాలామంది ఆడపిల్లల్లో ఉంటుంది. తేదీలు చిట్టాలో రాసుకుంటే రెండు నెలల్లో లెక్క దొరుకుతుంది.

కాకర రసం, నేరేడు గింజల పొడి తాగాలనిపిస్తే తాగండి, ఇన్సులిన్‌కు బదులుగా మాత్రం కాదు. ఇన్సులిన్ మాన్పిస్తామనేవాళ్ళ గడప తొక్కకండి. ఇంట్లో టైప్ టూ ఉన్నవాళ్ళ మాత్రలూ అరువు తెచ్చుకోవద్దు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి టైప్ వన్‌లో కీటోన్ల ప్రమాదాన్ని పెంచుతాయి.

పడిపోతుందన్న భయం

కొందరి షుగర్ 200 దిగకపోవడానికి కారణం పైన చెప్పిన ఏదీ కాదు. ఒకసారి స్కూల్లోనో రోడ్డుమీదో షుగర్ పడిపోయి స్పృహ తప్పినవాళ్ళు, తెలిసీ తెలియకుండానే డోసు తగ్గించి వేసుకుంటారు. తల్లిదండ్రులూ అంతే. దీన్ని తప్పుగా చూడకండి. డాక్టర్‌కు సూటిగా చెబితే గురి కొంచెం ఎత్తులో పెట్టి నెమ్మదిగా దించుతారు. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూసి, పెరగకపోతే మళ్ళీ తాగాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లూకోజ్ పొట్లం జేబులో, బడి సంచిలో, తలగడ పక్కన, బైకులో ఉండాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు

చాలా ఆస్పత్రుల్లో మీకు దొరికేది ఐదు నిమిషాలు. మూడు రోజుల చిట్టా, మీటర్, వాడుతున్న సీసా లేదా పెన్ను, సిరంజి వెంట తీసుకెళ్ళండి. "షుగర్ కంట్రోల్ కావడం లేదు" అంటే రాసిన మందే మళ్ళీ రాస్తారు. "రాత్రి నిలకడగా ఉంటోంది, టిఫిన్ తర్వాత మాత్రం రోజూ 280 దాటుతోంది, సూదికీ ఇడ్లీకీ మధ్య పావుగంట ఉంచుతున్నాం" అంటే ఏ డోసు మార్చాలో అక్కడికక్కడే తేలుతుంది. ఒకసారికి ఒకే డోసు మార్చమని అడగండి. మార్చాక మూడు రోజులు చూసిన అంకెలు ఎవరికి, ఏ నంబరుకు పంపాలో కూడా అక్కడే కనుక్కుని బయటికి రండి.